మొదటి గంటలో ఒక తొన

పోయిన ఏడు ఎండాకాలంలో మా పనసచెట్టు ఎన్నడూ లేనంతగా కాసింది. మొదలు నుంచి కొమ్మల దాకా మాను కనబడకుండా కాయలే. ఆ ఎండాకాలమే మా ఆయన మునికుమార్‌ను పనసపండు ముట్టుకోవద్దన్నారు.

ఆయనకు కిడ్నీలు రెండూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు, సోమవారమూ గురువారమూ, తిరుపతిలో పెద్దాసుపత్రికి పోయి డయాలసిస్ మిషన్ మీద పడుకోవాలి. ఐరాల నుంచి మొదటి బస్సుకు బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాం. వచ్చిన రోజు ఆయనకు మాట్లాడే ఓపిక ఉండదు. మరుసటి రోజు కాస్త తేరుకుంటాడు. ఆ పైరోజు కాళ్లు వాస్తాయి. మళ్లీ బస్సు. నేను బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతాను. బడికి వేసవి సెలవులు ఇచ్చేశారు కాబట్టి తోడు పోవడానికి నాకు అడ్డం లేకపోయింది.

మిషన్ల గదిలో సూదులు పెట్టే మనిషి రవిచంద్ర. తలలో వెంట్రుకలు నెరిసిన నిదానస్తుడు. ఆయనే మాకు మొదట చెప్పినాయన.

"అన్నా, రోజుకు మూడు గ్లాసుల నీళ్లు. అంతకు మించొద్దు. అరటిపండు, కొబ్బరినీళ్లు, మామిడి, పనస, ఇయ్యేవీ వద్దు. వాట్లో పొటాషియం అని ఒకటుంటాది. మాకైతే ఉచ్చలో పోతాది. నీకు పోయే దోవ లేదు, రక్తంలోనే నిలబడిపోతాది. జాస్తయితే గుండె ఆగిపోతాది."

"పనస ఒక తొన?" అన్నాడు మా ఆయన.

"వద్దన్నా."

"సగం?"

రవిచంద్ర నవ్వలేదు. మా ఆయన కాసేపు గొట్టాల్లో తిరుగుతున్న తన రక్తాన్ని చూసి, "మా ఇంటెనక చెట్టుండాది సార్, అందుకని అడిగినా" అన్నాడు.

ఆ చెట్టు మా అత్త నాగులమ్మది. మా అత్త వయసులో ఉన్నప్పుడు తమిళదేశంలో పన్రుట్టి పక్కన జీడిమామిడి తోటల్లోకి కూలికి పోయి, అక్కడ తిన్న పండు గింజను కొంగున కట్టుకొచ్చి నాటిందట. పనస అసలు ఎడతెగని వానలు కురిసే కొండల చెట్టు. మా ఎర్రనేలలో, మా ఎండల్లో బతకాల్సింది కాదు. ఆమె బతికించుకుంది. అంట్లు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, ఏవీ పారబోయనిచ్చేది కాదు. మేము స్నానం చేసే బండ కూడా తీసుకుపోయి చెట్టు మొదట్లో వేసింది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, చెట్టు కోసం నన్ను స్నానం చేయమంటున్నారా అని నవ్వుకున్నాను. ఆకులు మేకలకు, లేతకాయ కూరకు, గింజలు సాంబారులోకి, పండ్లు కాణిపాకం రోడ్డు మీద యాత్రికులకు. మా ఇంట్లో ఎండాకాలం అంటే చేతులకు నూనె రాసుకుని పనసకాయ ముందు కూర్చోవడమే.

ఆ ఏడు ఇంట్లో ఎవరూ ఒక్క తొన తినలేదు. తినొద్దని ఎవరూ అనలేదు. మా అత్త పండును ఇంట్లోకి రానివ్వకుండా రోడ్డు మీదికే మోసుకుపోయి అక్కడే కోసి అమ్మేది. సాయంత్రం వచ్చేటప్పుడు బోరింగు దగ్గర చేతులు సబ్బేసి కడుక్కుని వచ్చేది. కానీ వాసనను ఎక్కడ దాచగలం? మధ్యాహ్నం రేకుల కింద ఉండలేక మా ఆయన మంచం తీసుకుపోయి చెట్టు కిందే వేసుకునేవాడు. ఊళ్లో మాకున్న నీడ అదొక్కటే. పైన కాయలు పండుతుంటే ఆయన తడిగుడ్డ పెదాల మీద వేసుకుని పడుకునేవాడు. నీళ్లు మింగకుండా పెదాలు తడుపుకోమని ఆసుపత్రిలో నేర్పారు.

ఒకరోజు నేను మా అత్తతో, "అత్తా, మిగిలిన కాయలన్నీ పచ్చిమీదే దించేద్దామా? తిరుపతిలో హోటళ్లోళ్లు బిర్యానీకని తీసుకుంటాండారంట" అన్నాను.

"దించేద్దాం. నేనూ అదే అనుకుంటాండా" అంది.

మంచం మీద నుంచి ఆయన విన్నాడు. "ఎందుకు దించేది? కాసే చెట్టును కాయనీండి. నాకోసరం అన్నీ ఆపేస్తే నేను ఈడ ఉండి ఏం సూడాల?"

మేమిద్దరం కాయల జోలికి పోలేదు.

వైశాఖంలో ఎండలు మరీ ముదిరాయి. ఒక గురువారం తెల్లవారి నేను లేపితే ఆయన లేవలేదు. మెలకువగానే ఉన్నాడు.

"ఈ పొద్దు రాను."

"రాకపోతే ఎట్లా? కాళ్లు సూడు, ఎట్లా వాసినాయో."

"వాయనీ. ఒక్కపొద్దు పోకపోతే ఏం? నువ్వూ పడుకో. నీ మొహం ఎట్లుండాదో అద్దంలో సూసుకున్నావా?"

నేను అద్దంలో చూసుకుని చాలా రోజులైంది. ఆయన చొక్కా తెచ్చి, కూర్చోబెట్టి, చేతులు ఒక్కొక్కటే దూర్చాను. చిన్నపిల్లాడిలా చేతులు చాపాడు. బస్సులో తిరుపతి దాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. పాకాల దాటాక నేనూ నిద్రపోయాను. లేచి చూస్తే నా తల ఆయన భుజం మీద ఉంది. ఆయన కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

ఆ ఆదివారం నేను చర్చికి పోయాను. మా అత్త పొద్దున్నే పండ్లు తీసుకుని కాణిపాకం పోయింది. ఆదివారం అక్కడ యాత్రికులు ఎక్కువ. నేను పోయేముందు ఆయనకు గంజన్నం పెట్టి, మంచం చెట్టు కింద వేసి, "ఏమన్నా కావాలంటే ఫోన్ చెయ్" అన్నాను. "ఏం కావాల్లే. నిదానంగా రా" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. పెరట్లోకి పోతూనే ఈగల మోత వినబడింది. మంచం పక్కన పనసపండు ఒకటి చీలిపోయి పడి ఉంది. మాను మొదట్లో, చెయ్యి చాపితే అందే ఎత్తులో కాసిన పండు. కత్తిపీట లేదు, నూనె లేదు. రాతి మీద వేసి కొట్టి, వేళ్లతో చీల్చుకున్నాడు. రెండు చేతులకూ మణికట్టు దాకా జిగురు, దానికి మట్టి, పీచు. చుట్టూ గింజలు. సగం పండుకు పైనే అయిపోయింది.

ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"మే స్టెల్లా, కాళ్లు లేస్తా లేవు" అన్నాడు మెల్లగా.

నేను నూట ఎనిమిదికి ఫోన్ చేశాను. బండి వచ్చేలోపు కిరసనాయిలు గుడ్డతో ఆయన చేతుల జిగురు తుడిచాను. ఎందుకు తుడిచానో అప్పుడు నాకు తెలియదు. ఒక్కొక్క వేలూ తుడిచాను. మా అత్త ఖాళీ గంపతో వచ్చి పెరట్లో నిలబడింది. పండు చూసింది, కొడుకును చూసింది, నా చేతిలో గుడ్డ చూసింది. గంప కింద పెట్టి, బండి రాగానే మాతోపాటు ఎక్కి కూర్చుంది.

ఆసుపత్రిలో గుండెకు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆ వెంటనే మిషన్‌కు ఎక్కించారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ బయటికొచ్చి, "పనసపండు ఎవరు పెట్టారమ్మా?" అని అడిగింది.

"నేనే పెట్టినా తల్లీ" అంది మా అత్త. "బిడ్డ అడిగినాడని. తెలీక."

నేను ఆమె వైపు తిరిగాను. ఆ పండు చీలిన వేళ ఆమె కాణిపాకంలో ఉంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. నా కళ్లలోకి చూసి, వద్దన్నట్టు తల కొంచెంగా ఆడించింది. డాక్టరమ్మ నాలుగు మాటలు అని లోపలికి పోయింది. మా అత్త గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె అబద్ధం ఎందుకు చెప్పిందో, నేను ఆ జిగురు ఎందుకు తుడిచానో నాకు అర్థమయింది. అడిగితే, తెలిసే తిన్నాడన్న ఆ మాట పైకి అనాల్సి వస్తుంది. అందుకే అడగలేదు.

మా కూతురు ప్రసన్న తిరుపతిలోనే హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఆటోలో వచ్చి, సంగతి తెలుసుకుని, నేరుగా మా అత్త ముందు నిలబడింది.

"అవ్వా, నీకు ఎన్నిసార్లు చెప్పినారు? చదువు లేకపోతే పోనీ, చెవులన్నా ఉండాయి కదా. నాయన్ని నువ్వే సంపేసేదానివి."

"అవును మే. నాదే తప్పు" అంది మా అత్త.

మరునాడు ఆయన్ను వార్డులోకి మార్చారు. ప్రసన్న పొద్దున్నే ఇడ్లీ పొట్లాలు తెచ్చింది. నాకొకటి చేతికిచ్చింది. అవ్వ పొట్లం ఆమె ముందు నేల మీద పెట్టి, మొహం తిప్పుకుంది. మంచం మీద నుంచి ఆయన అది చూశాడు.

"ప్రసన్నా, అవ్వను అనొద్దు. అవ్వ ఆ పొద్దు ఇంట్లోనే లేదు."

"మరి ఎవురు పెట్టినారు?"

"నేనే కోసుకున్నా."

"తినకూడదని నీకు తెలుసు కదా నాయనా."

"తెలుసు."

"అంత ఆశ అయిందా?"

ఆయన దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"ఆశ కాదులే" అన్నాడు.

ప్రసన్న నన్ను చూసింది. వాళ్ల అవ్వను చూసింది. తర్వాత మంచం చివర, ఆయన పాదాల దగ్గర మెల్లగా కూర్చుంది. పక్క మంచాల వాళ్లు వాళ్ల మాటల్లో వాళ్లున్నారు. మా అత్త నేల మీది పొట్లం విప్పి, ఇడ్లీ తుంచి, మనవరాలి చేతిలో పెట్టింది.

"తిను మే. సల్లారిపోతాది."

ఆ సాయంత్రం వాళ్లిద్దరూ టీకి పోయినప్పుడు నేను ఆయన దగ్గర కూర్చున్నాను. చేతుల గీతల్లో జిగురు నల్లగా అలాగే ఉంది. కిరసనాయిలుకు కూడా పూర్తిగా పోలేదు.

"చెప్పకుండా పోదామనుకున్నావా?" అన్నాను.

"చెప్తే పోనిస్తావా?"

"ఎందుకట్లా చేసినావు?"

"అలిసిపోయినా స్టెల్లా" అన్నాడు. "నేనొక్కణ్నే కాదు. ఆ పొద్దు బస్సులో నా భుజం మీద తలపెట్టి నోరు తెరుచుకోని నిద్రపోతివి. ఎన్నేళ్లుగానో నిద్రపోనిదాని మాదిరి. అది సూసినాక నాకు తోచింది, ఈమెకన్నా విడుదల కావాల అని."

నాకు కోపం రావాలి. రాలేదు. నేను అలిసిపోలేదని చెప్పి ఉండవచ్చు. అబద్ధం చెప్పే ఓపిక కూడా నాకు లేదు.

"అలిసిపోయినా. నిజమే" అన్నాను. "మీయమ్మ అలిసిపోయింది. ప్రసన్న అలిసిపోయింది. అయితే ఏం? నువ్వు లేకపోతే మేము హాయిగా పడుకుంటామనుకున్నావా? నిన్న పొద్దున నేను చర్చిలో మోకాళ్ల మీద కునుకుతా ఉన్నెప్పుడు నువ్వు ఈ పని చేసినావు. ఇంక జన్మలో నాకు ఆడ నిద్ర వస్తాదా?"

ఆయన నా వైపు తిరగలేదు. కళ్లలోంచి నీళ్లు పక్కకు చెవుల్లోకి కారాయి. ఆయనకు నీళ్లు కొలతగా ఇవ్వాలని నాకు గుర్తొచ్చి, ఏడవొద్దని చెప్పాలో నవ్వాలో తెలియలేదు. కొంగుతో తుడిచాను.

"ఇంక చెయ్యనని చెప్పు" అన్నాను.

"రేపటి సంగతి నాకు తెలీదు. ఈ పొద్దుకైతే చెయ్యను."

అంతకన్నా నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక మా అత్త చెట్టు కిందికి పోవడం మానేసింది. అంట్ల నీళ్లు నేనే పోసేదాన్ని. చుట్టుపక్కల వాళ్లు చెట్టు కొట్టేయమని సలహా చెప్పారు. ఆమె విననట్టు ఊరుకుంది. పండ్లు రాలి పగిలితే మేకలు తిన్నాయి.

దారి చూపింది జయరావు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, డయాలసిస్‌లో మా పక్క మిషన్. మూడేళ్లుగా వస్తున్నాడు. సంగతి ఎలా తెలిసిందో గాని, ఒక గురువారం గట్టిగానే అన్నాడు. "ఏమప్పా మునికుమారూ, పనసపండుకు ప్రాణం ఇడిసేదేంది? నాకు అరటిపండంటే పిచ్చి. మిషన్ ఎక్కినాక, మొదటి గంటలో, సగం పండు తింటా. డాక్టరమ్మ ఒప్పుకున్నిందే. తిన్నది తిన్నట్టు మిషనే కడిగేస్తాది. అడగబ్బా. నోరుండాది కదా."

నేను రవిచంద్రను చూశాను.

"అందరికీ కాదక్కా" అన్నాడు ఆయన. "రక్తం రిపోర్టు బాగుండాల. గుండె బాగుండాల. అన్నకు మొన్ననే అట్లయింది. నేను చెప్పలేను, డాక్టరమ్మను అడుగుతా."

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. రక్తం పరీక్షలు చేయించింది. మళ్లీ వారం చేయించింది. మూడో వారం మా అత్తను పిలిపించి, ఆమెతోనే చెప్పింది. ఒకే ఒక్క తొన. మిషన్ ఎక్కాక మొదటి గంటలోనే. రిపోర్టు బాగున్న రోజు మాత్రమే. ఇంటి దగ్గర మాత్రం వాసన తప్ప ఏమీ లేదు.

"నేను పెట్టలేదు తల్లీ ఆ పొద్దు" అంది మా అత్త, ఉన్నట్టుండి.

"తెలుసమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ బుధవారం సాయంత్రం మా అత్త చాలా రోజులకు చెట్టు కిందికి పోయింది. ఒక్కొక్క కాయనూ వేళ్లతో తట్టి, చెవి ఆనించి, ముళ్లు ఎడంగా విచ్చుకున్నాయా లేదా అని తడిమి చూసింది. మెత్తగా జారిపోయే పండు కాకుండా, కొరికితే కరకరమనే గట్టి తొనల పండు దించింది. చేతులకు నూనె రాసుకుని కోసింది. పండంతా వెతికి ఒక్క తొన తీసింది. గింజ తీసేసి స్టీలు బాక్సులో పెట్టింది. మిగిలినదంతా చాటలో పోసి ఇరుగుపొరుగుకు పంచమంది.

గురువారం మిషన్ తిరగడం మొదలయ్యాక బాక్సు మూత తీశాను. మందుల వాసన గదిలో ఒక్కసారిగా పనస గుప్పుమంది. అటు పక్క మంచాల్లో పడుకున్న వాళ్లు తలలు తిప్పారు. జయరావు ముక్కు ఎగబీల్చి, "పన్రుట్టి కాయ. నాతో పందెం" అన్నాడు.

మా ఆయన తొనను కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. నిలువునా చిన్న పీలికలుగా చీల్చాడు. మొదటి పీలిక నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. రెండోది నా వైపు చాపాడు.

"నీకే తక్కువ" అన్నాను.

"తిను. ఈ యేడు నువ్వూ తిన్లేదు కదా."

తిన్నాను. రుచి మామూలుగానే ఉంది. ప్రతి ఏడూ ఉండేదే. రవిచంద్ర మా వైపు చూసి, గడియారం చూసి, వేరే మంచం దగ్గరికి పోయాడు.

అలా ఇంకొన్ని గురువారాలు. ఒకసారి రిపోర్టు బాగాలేదని తొన వెనక్కి తెచ్చేశాము. ఆ రోజు ఆయన బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కానీ సోమవారం లేపితే లేచాడు.

ఆషాఢంలో వానలు పడ్డాయి. కాయలన్నీ అయిపోయి మాను బోడిగా నిలబడింది. చివర మిగిలిన రెండు పండ్లకు నీరు పట్టి రుచి పోయింది. బడి తెరిచారు. వారానికి రెండు రోజులు సెలవంటే మేడం మొహం చిట్లిస్తోంది. ఎవరిని తోడు పంపాలా అని నేను వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

గురువారం తెల్లవారి లేచి చూస్తే పక్కన ఆయన లేడు. వాకిట్లోకి పరుగెత్తాను. చొక్కా వేసుకుని, ఆసుపత్రి ఫైలు చంకలో పెట్టుకుని, గడప మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

"ఈ పొద్దు బాక్సులో ఏమీ లేదు" అన్నాను.

"తెలుసు."

"ఉండు, నేనూ వస్తా. మేడంకు ఫోన్ చేసి చెప్తా."

"నువ్వు బడికి పో. నేను పోయొస్తా. దిగినాక ప్రసన్న బస్టాండుకు వస్తానన్నింది." లేచి, గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. "రోంతసేపు పడుకో. ఇంకా తెల్లారలేదు."

తలమీద తుండుగుడ్డ వేసుకుని మెల్లగా నడిచిపోయాడు. మా అత్త లోపలి నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. ఇద్దరమూ పిలవలేదు. కాసేపటికి మలుపు దగ్గర బస్సు వచ్చిన చప్పుడు వినబడింది. ఆగింది. కదిలి పోయింది.

నేను తుంపరలోనే రోడ్డు దాకా పోయి చూశాను. బస్సు ఆగే చోట ఎవరూ లేరు. ఎక్కాడు.

ఇంటికి వచ్చి పడుకున్నాను.